విమాన సిబ్బంది సంఖ్య, అర్హత, విశ్రాంతి నియమాలు: దక్కన్ ఎయిర్‌వేస్ నుండి నేటి వరకు పరిణామక్రమం

వ్యాససంగ్రహం:

విమానంలో ఎందరు సిబ్బంది ఉండాలి, వారికి ఏ అర్హతలు ఉండాలి, వారు ఎన్ని గంటలు పనిచేయవచ్చు అనే మూడు ప్రశ్నల చుట్టూ పౌరవిమానయాన సిబ్బంది నియమాలు రూపొందాయి. ఈ మూడూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కారణాల వల్ల మారుతూ వచ్చాయి. సాంకేతిక పరిజ్ఞానం సిబ్బంది సంఖ్యను తగ్గించింది. న్యాయపోరాటాలు అర్హతల పేరిట ఉన్న వివక్షను సడలించాయి. ప్రమాదాలు విశ్రాంతికి విలువ కట్టించాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ మొదలుకొని 2025 డిసెంబరు సంక్షోభం వరకు జరిగిన ఈ పరిణామాన్ని వివరిస్తూ, నియమం చెప్పే ‘కనిష్ఠం’ సంస్థకు ‘చాలినంత’ కాదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పౌరవిమానయానం, విమాన సిబ్బంది, పైలట్ లైసెన్సు, కేబిన్ సిబ్బంది, విధినిర్వహణ కాలం, విశ్రాంతి, దక్కన్ ఎయిర్‌వేస్, మామునూరు.

1. ఉపోద్ఘాతం:

హనుమకొండ జిల్లా ధర్మసాగర్ మండలానికి కాజీపేట రైల్వే జంక్షన్ చేరువలో ఉంది. రైలు నడిపే లోకోపైలట్‌కు డ్యూటీ గంటలు ఉంటాయని, ఊరికి దూరంగా డ్యూటీ ముగిస్తే రన్నింగ్ రూమ్‌లో విశ్రాంతి తీసుకుంటాడని ఈ ప్రాంతంలో చాలామందికి తెలుసు. విమాన సిబ్బంది విషయంలో ఇటువంటి పరిచయం ఇక్కడివారికి లేదు. వరంగల్‌కు విమానాశ్రయం లేక కాదు. నిజాం పాలనలో 1930లో నిర్మించిన మామునూరు విమానాశ్రయం 1981లో మూతపడింది. హైదరాబాద్ విమానాశ్రయ ఒప్పందంలోని 150 కిలోమీటర్ల షరతుకు మినహాయింపు లభించిన తరువాత, 2025 ఫిబ్రవరిలో మామునూరు అభివృద్ధికి కేంద్రప్రభుత్వం ఆమోదం తెలిపింది.

అదే సంవత్సరం డిసెంబరులో ఇండిగో సంస్థ విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా రద్దు కావడంతో శంషాబాద్‌తో సహా అనేక విమానాశ్రయాల్లో ప్రయాణికులు చిక్కుకుపోయారు. విమానాలు ఉన్నాయి, ఇంధనం ఉంది, ప్రయాణికులూ ఉన్నారు. నియమాల ప్రకారం ఆ సమయానికి విధుల్లోకి రాగలిగిన సిబ్బంది మాత్రం చాలలేదు. ఈ ఘటనను అర్థం చేసుకోవాలంటే నియమాలు ఎక్కడినుండి ఎలా వచ్చాయో తెలియాలి.

2. నియమాల చట్రం:

1944 డిసెంబరు 7న షికాగోలో కుదిరిన అంతర్జాతీయ పౌరవిమానయాన ఒప్పందం ఈ నియమాలకు ఉమ్మడి పునాది. ఆ ఒప్పందపు ఒకటవ అనుబంధం సిబ్బంది లైసెన్సులను, ఆరవ అనుబంధం విమానాల నిర్వహణను వివరిస్తాయి. భారతదేశంలో అంతకుముందే 1934 విమానచట్టం, 1937 విమాన నియమావళి అమల్లో ఉన్నాయి. 1934 చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుండి అమల్లోకి వచ్చింది. దైనందిన ఆచరణకు అవసరమైన వివరాలను పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్, అనగా డీజీసీఏ, జారీచేసే పౌరవిమానయాన ఆవశ్యకతల పత్రాలు నిర్దేశిస్తాయి.

ఈ చట్రంలో ఒక సూక్ష్మాన్ని గమనించాలి. సంఖ్యకు సంబంధించిన నియమం ఒక ప్రయాణానికి వర్తిస్తుంది. అర్హతకు సంబంధించినది వ్యక్తికి వర్తిస్తుంది. విశ్రాంతికి సంబంధించినది కాలానికి వర్తిస్తుంది. సంస్థకు మొత్తం ఎందరు ఉద్యోగులు కావాలో ఈ మూడింటినీ కలిపి, తన ప్రయాణ పట్టికకు అన్వయించి సంస్థే లెక్కకట్టుకోవాలి.

3. కాక్‌పిట్‌లో సంఖ్య తగ్గిన తీరు:

నిజాం ప్రభుత్వం, టాటా సంస్థ భాగస్వాములుగా 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది. బేగంపేట కేంద్రంగా డకోటా విమానాలను నడిపింది. 1953 ఎయిర్ కార్పొరేషన్ల చట్టంతో ఇతర ప్రైవేటు సంస్థలతోపాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది. ఆ కాలపు డకోటాలో ఇద్దరు పైలట్లతోపాటు రేడియో ఆపరేటర్ ఉండడం సాధారణం. సముద్రాలు దాటే పెద్ద విమానాల్లో దిశానిర్దేశం చేసే నావిగేటర్, ఇంజిన్లను పర్యవేక్షించే ఫ్లైట్ ఇంజనీరు కూడా ఉండేవారు. అంటే కాక్‌పిట్ సిబ్బంది ఐదుగురు.

వీరు ఒక్కొక్కరుగా తొలగిపోయారు. స్పష్టంగా వినిపించే రేడియోలు రాగానే మాట్లాడే పని పైలట్లకే చేరింది. జడత్వ ఆధారిత దిశానిర్దేశ పరికరాలు నావిగేటర్ స్థానాన్ని ఆక్రమించాయి. చివరికి మిగిలిన ఫ్లైట్ ఇంజనీరు విషయంలో మాత్రం తీవ్ర వివాదం చెలరేగింది. కొత్త తరం విమానాలకు మూడవ వ్యక్తి అవసరమని పైలట్ల సంఘాలు వాదించగా, అమెరికా అధ్యక్షుడు నియమించిన కార్యదళం భద్రతరీత్యా ఆ అవసరం లేదని 1981లో నివేదించింది. మన దేశంలో ఈ మార్పును ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లోనే చూడవచ్చు. 1976లో వచ్చిన ఎయిర్‌బస్ ఎ300 విమానంలో ఫ్లైట్ ఇంజనీరుకు స్థానముంది. 1989లో వచ్చిన ఎ320లో ఇద్దరు పైలట్లే ఉన్నారు. ఆ సంస్థకు హైదరాబాద్‌లో ఉన్న కేంద్రీయ శిక్షణాసంస్థ దేశంలోని పైలట్లను సిమ్యులేటర్లపై ఈ మార్పులకు సిద్ధంచేసిన ప్రధానకేంద్రాల్లో ఒకటి.

రేడియో ఆపరేటర్ నిష్క్రమణకు మరో కోణం ఉంది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఆకాశంలో ఢీకొని 349 మంది మరణించారు. కజక్ విమానంలో నియంత్రణకేంద్రంతో ఇంగ్లీషులో మాట్లాడింది పైలట్లు కాదు, రేడియో ఆపరేటర్. 15,000 అడుగుల వద్ద ఉండవలసిన ఆ విమానం ఇంకా కిందికి దిగింది. ఆదేశం విన్న వ్యక్తి ఒకరు, విమానం నడిపే వ్యక్తి మరొకరు అయినప్పుడు మధ్యలో భాషాలోపం ఎంత ప్రమాదకరమో ఈ ఘటన చూపింది. ఇటువంటి ప్రమాదాల అనుభవంతో అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ భాషాసామర్థ్యాన్ని లైసెన్సు షరతుగా చేసింది. ఆరు స్థాయుల కొలమానంలో కనీసం నాలుగవ స్థాయి ఉండాలనే నియమం 2008 మార్చి నుండి అమలైంది. ఇక్కడ కొలిచేది సాహిత్యజ్ఞానం కాదు. ఊహించని పరిస్థితిలో స్పష్టంగా చెప్పడం, విన్నది సరిచూసుకోవడం, అపార్థాన్ని సరిదిద్దుకోవడం అనే వ్యవహారశక్తి. తెలుగుమాధ్యమ విద్యార్థులకు ఈ తేడా తెలియడం అవసరం.

ఇద్దరినుండి ఒక్కరికి తగ్గించే చర్చ కూడా సాగింది. దూరప్రయాణాల మధ్యదశలో ఒక్క పైలట్‌ను మాత్రమే కాక్‌పిట్‌లో ఉంచే ప్రతిపాదనను పరిశీలించిన ఐరోపా విమానయాన భద్రతాసంస్థ, ప్రస్తుత సాంకేతికతతో సమానమైన భద్రత నిరూపణ కాలేదని 2025లో తేల్చింది.

4. కేబిన్‌లో సంఖ్య ఎందుకు తగ్గలేదు?

కాక్‌పిట్‌లో యంత్రం మనిషి స్థానాన్ని తీసుకోగలిగింది. కేబిన్‌లో అది సాధ్యం కాలేదు. కేబిన్ సిబ్బంది అనగానే ఆహారపానీయాలు అందించేవారని సాధారణ ప్రయాణికుడు భావిస్తాడు. నియమం వారిని చూసే దృష్టి వేరు. అత్యవసర పరిస్థితిలో తలుపులు తెరిచి ప్రయాణికులను బయటకు పంపే శిక్షితులుగా మాత్రమే చట్టం వారిని లెక్కిస్తుంది. సగం ద్వారాలు మాత్రమే పనిచేసినా 90 సెకండ్లలో విమానం ఖాళీ కావాలన్నది పెద్ద విమానాల ఆమోదానికి ప్రమాణం.

1937 నియమావళిలో చేర్చిన 38-బి నియమం ప్రకారం 10 నుండి 50 సీట్ల విమానానికి ఒకరు, 50కి మించితే ఇద్దరు, 99 సీట్లు దాటిన తరువాత ప్రతి 50 సీట్లకు లేదా అందులో భాగానికి అదనంగా ఒకరు ఉండాలి. గణన ఎక్కిన ప్రయాణికుల సంఖ్యపై కాక సీట్ల సంఖ్యపై ఆధారపడుతుంది. 180 సీట్ల ఎ320కి నలుగురు కావాలి. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలైన ట్రూజెట్ సంస్థ కడప వంటి పట్టణాలకు నడిపిన ఏటీఆర్-72 తరహా విమానానికి ఇద్దరు చాలు. మామునూరుకు అటువంటి విమానమే వస్తే, ఇద్దరు పైలట్లు, ఇద్దరు కేబిన్ సిబ్బంది కలిపి నలుగురు లేనిదే అది కదలదు. విమానం సగం ఖాళీగా ఉన్నా ఈ సంఖ్య మారదు. చిన్నపట్టణాల మార్గాల్లో ఖర్చు గిట్టుబాటు కాకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

5. అర్హత: ఎవరికి ద్వారం తెరిచారు?

5.1 స్త్రీలు - కాక్‌పిట్:

ప్రేమ్ మాథుర్ 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు పొందారు. పలు సంస్థలు ఆమెను తిరస్కరించాయి. లైసెన్సు నియమాల్లో స్త్రీలను నిషేధించే షరతు అడ్డురాలేదు. నియామకం జరిపే సంస్థల సంకోచమే అడ్డువచ్చింది. చివరికి ఉద్యోగం ఇచ్చింది హైదరాబాద్‌కు చెందిన దక్కన్ ఎయిర్‌వేస్. ఆ విధంగా భారతదేశపు తొలి మహిళా వాణిజ్య పైలట్ ఉద్యోగజీవితం బేగంపేటతో ముడిపడింది. అయితే ఆమెకు కో-పైలట్ స్థానం దక్కిందే తప్ప కెప్టెన్ బాధ్యత అందలేదు. చట్టం ఇచ్చిన అర్హతకు, సంస్థ ఇచ్చే అవకాశానికి మధ్య ఉన్న దూరానికి ఇది తొలి నిదర్శనం.

5.2 స్త్రీలు - కేబిన్:

1930 మే 15న ఎలెన్ చర్చ్ అమెరికాలో తొలి విమాన పరిచారికగా చేరినప్పుడు నర్సు అయి ఉండడం అర్హత. కాలక్రమంలో వైద్యజ్ఞానం వెనక్కుపోయి వయసు, రూపం, అవివాహస్థితి ముందుకు వచ్చాయి. ఎయిర్ ఇండియా నిబంధనల్లో ఎయిర్ హోస్టెస్ 35 ఏళ్లకు, లేదా చేరిన నాలుగేళ్లలోపు వివాహం చేసుకుంటే, లేదా మొదటిసారి గర్భం ధరిస్తే, ఏది ముందైతే అప్పుడు పదవీవిరమణ చేయాలి. అదే కేబిన్‌లో పనిచేసే పురుష పర్సర్‌కు విరమణ వయసు 58.

నర్గీస్ మీర్జా కేసులో 1981 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ వ్యవస్థను పాక్షికంగానే మార్చింది. గర్భధారణ కారణంగా తొలగించే నిబంధనను, 35 ఏళ్ల తరువాత సర్వీసు పొడిగింపును మేనేజింగ్ డైరెక్టర్ ఇష్టానికి వదిలిన నిబంధనను రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. నాలుగేళ్ల వివాహనిషేధాన్ని మాత్రం సమర్థించింది. ఎయిర్ హోస్టెస్, పర్సర్ వేర్వేరు శ్రేణులు కనుక పోలిక కుదరదన్న తర్కమూ ఆ తీర్పులో ఉంది. ఈ శ్రేణీవిభజన తొలగడానికి దశాబ్దాలు పట్టింది. విమానంలో పర్యవేక్షక బాధ్యతను స్త్రీలకు కూడా ఇవ్వడాన్ని 2011 నవంబరులో సుప్రీంకోర్టు ఆమోదించింది. ప్రయాణికులను 90 సెకండ్లలో బయటకు పంపే సామర్థ్యానికి, ఉద్యోగి వివాహస్థితికి సంబంధం లేదన్న సాధారణ సత్యం చట్టంలోకి రావడానికి ఇంతకాలం అవసరమైంది.

5.3 చదువు - గంటలు:

వాణిజ్య పైలట్ లైసెన్సుకు 18 ఏళ్ల వయసు, వైద్యయోగ్యత, భౌతిక, గణితశాస్త్రాలతో ఇంటర్మీడియెట్, 200 గంటల విమానచోదన అనుభవం కావాలి. ఆ 200లో 100 గంటలు అభ్యర్థి స్వయంగా బాధ్యత వహించి నడిపినవై ఉండాలి. మన ఇంటర్ విద్యలోకి ఈ నియమాన్ని అనువదిస్తే ఎం.పి.సి. విద్యార్థికి దారి నేరుగా ఉంది. బై.పి.సి., సి.ఇ.సి., హెచ్.ఇ.సి. విద్యార్థులు లోపించిన సబ్జెక్టును సార్వత్రిక పాఠశాల ద్వారా విడిగా ఉత్తీర్ణులు కావాలి. పదో తరగతి తరువాత ఎంచుకున్న గ్రూపు ఆకాశయానాన్ని నిర్ణయించడం సమంజసమా అన్న చర్చ ఇటీవల ఊపందుకుంది. గణితం అవసరమే. కాని పైలట్‌కు కావలసినంత గణితాన్ని లైసెన్సు పరీక్షలే విడిగా పరీక్షిస్తున్నప్పుడు, ప్రవేశద్వారం వద్ద మరో వడపోత ఎంతవరకు భద్రతను పెంచుతుందో పరిశీలించవలసి ఉంది. శిక్షణకు పదుల లక్షల రూపాయలు ఖర్చవుతుండగా, గ్రామీణ విద్యార్థికి ఆర్థిక అవరోధం చదువు అవరోధం కన్నా పెద్దది.

200 గంటలు చాలునా అన్నది మరో ప్రశ్న. అమెరికాలో 2009 ఫిబ్రవరి 12న కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది మరణించిన తరువాత, కో-పైలట్‌కు సాధారణంగా 1500 గంటల అనుభవం ఉండాలన్న నియమాన్ని 2013లో తెచ్చారు. మన దేశంలో విమానసంస్థలో చేరే కో-పైలట్‌కు ఆ షరతు లేదు. 1500 గంటలు కెప్టెన్ కావడానికి అవసరమైన ఉన్నత లైసెన్సుకు వర్తిస్తాయి. గంటల సంఖ్యకంటే ఆయా విమానరకంపై ఇచ్చే టైప్ రేటింగ్, సిమ్యులేటర్ శిక్షణ, ఆరు నెలలకోసారి జరిగే నైపుణ్యపరీక్ష ముఖ్యమన్నది ఈ పద్ధతిని సమర్థించేవారి వాదం. ఏ వాదాన్ని స్వీకరించినా ఒక ఫలితం తప్పదు: కొత్తగా లైసెన్సు పొందిన వ్యక్తి కెప్టెన్ స్థానానికి చేరడానికి సంవత్సరాలు పడుతుంది. కనుక కెప్టెన్ల కొరతను నెలల్లో పూరించడం అసాధ్యం.

6. విశ్రాంతి: ఆలస్యంగా గుర్తించిన అవసరం:

మన పాత నియమావళిలోని 42-ఎ నియమం వరుసగా 30 రోజుల్లో 125 గంటలకు మించి పైలట్ విమానం నడపరాదని నిర్దేశించింది. ఇది ఎన్ని గంటలు అని చూసిందే కాని, అవి పగటివా రాత్రివా అని చూడలేదు. నిద్రకు, శరీరపు దైనందిన లయకు సంబంధించిన శాస్త్రం తెల్లవారుజాము రెండు నుండి ఆరు గంటల మధ్య మనిషి అప్రమత్తత అత్యల్పస్థాయికి పడిపోతుందని చెబుతోంది. పగటి గంట, రాత్రి గంట సమానం కావు.

2010 మే 22 ఉదయం దుబాయ్ నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడి 158 మంది మరణించారు. ఎనిమిది మంది మాత్రమే బతికారు. కెప్టెన్ ప్రయాణంలో గంటన్నరకు పైగా నిద్రించాడని, మేల్కొన్న తరువాత మిగిలే నిద్రమత్తు అతని నిర్ణయశక్తిని దెబ్బతీసి ఉండవచ్చని విచారణ గుర్తించింది. దిగే ప్రయత్నాన్ని విరమించుకోమని కో-పైలట్ చెప్పినా అతడు వినలేదు. ఇక్కడ అర్హత ఉంది, సంఖ్య ఉంది, లేనిది మెలకువ.

2011 ఆగస్టులో వచ్చిన విధినిర్వహణ కాలపరిమితి నియమాలు, 2019 సవరణలు, 2024 జనవరి 8 నాటి కొత్త నియమాలు ఈ దిశలో వేసిన అడుగులు. తాజా నియమాల్లో వారపు విశ్రాంతి 36 గంటల నుండి 48 గంటలకు పెరిగింది. రాత్రి అనే నిర్వచనం అర్ధరాత్రి నుండి ఐదింటి వరకు కాక ఆరింటి వరకు విస్తరించింది. రాత్రి విధుల్లో అనుమతించిన ల్యాండింగులు ఆరు నుండి రెండుకు తగ్గాయి. మొదట 2024 జూన్‌లో అమలు కావలసిన ఈ నియమాలు వాయిదా పడ్డాయి. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించిన తరువాత 2025 జూలై 1, నవంబరు 1 తేదీల్లో రెండు దశలుగా అమలు చేయాలని నిశ్చయమైంది.

7. కనిష్ఠం, చాలినంత: ఒక లెక్క:

ఒక విమానం రోజుకు 12 గంటలు ఎగురుతుందనుకుందాం. ఏడాదికి 4380 గంటలు అవుతాయి. ఒక్కొక్క పైలట్‌కు ఏడాదికి 1000 గంటల పరిమితిని ప్రమాణంగా తీసుకుంటే, ఆ ఒక్క విమానానికి కనీసం ఐదు జట్లు, అంటే పదిమంది పైలట్లు అవసరం. సెలవులు, అనారోగ్యం, సిమ్యులేటర్ శిక్షణ, వైద్యపరీక్షలు ఈ లెక్కలో ఇంకా చేరలేదు. అవి చేరితే సంఖ్య పెరుగుతుంది.

ఇప్పుడు విశ్రాంతి నియమాన్ని మార్చి చూద్దాం. వారంలో 168 గంటలు ఉంటాయి. 36 గంటల విశ్రాంతి పోగా 132 గంటలు, 48 పోగా 120 గంటలు మిగులుతాయి. రోస్టర్ తయారీకి దొరికే కాలం ఈ ఒక్క మార్పుతో సుమారు 9 శాతం తగ్గింది. ఆరు రాత్రి ల్యాండింగులను ఒకే జట్టుతో పూర్తిచేసే పద్ధతి ఉన్నచోట ఇప్పుడు మూడు జట్లు కావాలి. తెల్లవారుజామున, అర్ధరాత్రి ఎక్కువ విమానాలు నడిపే సంస్థపై భారం మరింత ఎక్కువ.

2025 డిసెంబరులో జరిగింది ఈ లెక్క తప్పడమే. నియమాలు ప్రకటించి దాదాపు రెండేళ్లు గడిచినా, అమలైన నెలకే పట్టిక కుప్పకూలింది. రాత్రి విధుల నిబంధనల నుండి ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 వరకు డీజీసీఏ తాత్కాలిక మినహాయింపు ఇచ్చింది. సంస్థ ప్రయాణాల్లో 10 శాతం కోత విధించింది. ప్రయాణికుల ఇబ్బంది తొలగించడానికి సడలించింది చివరికి అలసటనుండి రక్షించే నియమాన్నే. మన తెలుగువారైన కింజరాపు రామ్మోహన్ నాయుడు కేంద్ర పౌరవిమానయాన మంత్రిగా ఉన్న కాలంలో తలెత్తిన ఈ సంక్షోభం పార్లమెంటులోనూ చర్చకు వచ్చింది.

వెసులుబాటు లేని పరిమితి ఎంత ప్రమాదమో చరిత్రలో ముందే కనిపించింది. 1977 మార్చి 27న టెనెరిఫేలో రెండు జంబోజెట్లు రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించారు. దారిమళ్లి అక్కడ దిగిన కేఎల్ఎం విమాన సిబ్బంది, తమ విధికాల పరిమితి ముగిసేలోగా బయలుదేరాలన్న ఆత్రుతలో ఉన్నారు. అలసటను నివారించడానికి పుట్టిన నియమమే, ప్రత్యామ్నాయ సిబ్బంది అందుబాటులో లేని చోట, తొందరకు ఒక కారణమైంది. లోపం పరిమితిలో లేదు. పరిమితికి ఆవల మరొక జట్టు సిద్ధంగా లేకపోవడంలో ఉంది.

8. ముగింపు:

1. కాక్‌పిట్ సిబ్బంది ఐదుగురి నుండి ఇద్దరికి తగ్గడానికి సాంకేతికత కారణం. కేబిన్ సిబ్బంది సంఖ్య సీట్లకు, అత్యవసర నిష్క్రమణకు ముడిపడి ఉన్నందువల్ల తగ్గలేదు.

2. అర్హత నియమాల్లో భద్రతకు సంబంధించినవి, సామాజిక దృష్టికి సంబంధించినవి కలగలిసి ఉన్నాయి. ప్రేమ్ మాథుర్ అనుభవం, నర్గీస్ మీర్జా తీర్పు ఈ రెండింటినీ విడదీసి చూడవలసిన అవసరాన్ని తెలుపుతున్నాయి. ఇంటర్ గ్రూపు షరతును కూడా ఇదే దృష్టితో పరీక్షించాలి.

3. విశ్రాంతి నియమాలు గంటల లెక్కనుండి శరీరధర్మం వైపు మళ్లాయి. ఈ మార్పు ప్రమాదాల తరువాతే వచ్చింది.

4. నియమం నిర్దేశించే కనిష్ఠసంఖ్య విమానం కదలడానికి మాత్రమే చాలుతుంది. వ్యవస్థ నిలబడాలంటే అదనపు జట్లు అవసరం. ఆ అదనాన్ని వృథాఖర్చుగా భావించే సంస్థలో ప్రతి కొత్త భద్రతానియమం సంక్షోభంగా పరిణమిస్తుంది.

మామునూరు రన్‌వేపై మళ్లీ విమానం దిగే రోజు వస్తే, ధర్మసాగర్ ప్రయాణికుడు టికెట్ ధరను, బయలుదేరే వేళను చూస్తాడు. ఆ వేళకు విమానం బయలుదేరుతుందా అన్నది రన్‌వే పొడవుతోపాటు, ముందురోజు రాత్రి నిండుగా నిద్రపోయిన నలుగురు సిబ్బందిపైనా, వారిలో ఒకరు రాలేకపోతే పిలవడానికి సిద్ధంగా ఉన్న ఐదవ వ్యక్తిపైనా ఆధారపడి ఉంటుంది.